హెచ్చరిక వచ్చేనాటికే ఇల్లు సిద్ధంగా ఉండాలి

(అండమాన్‌లోని తెలుగు కార్మిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేతనాలు, బోనసు గురించి మాట్లాడుకొనే ఈ వేదికపై నేడు ఇంటి పైకప్పు గురించి మాట్లాడదలచినాను. ఇది సంఘం పని కాదని కొందరికి తోచవచ్చును. కాని ఆరు నెలలు కూడబెట్టిన కూలి సొమ్ము ఒక్క రాత్రి గాలికి రేకులతో పాటు ఎగిరిపోతున్నప్పుడు, ఆ రేకులను నిలుపుకోవడం కూడా వేతన పోరాటంలో భాగమేనని నా మనవి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు ఏబది వేలకు పైబడి ఉన్నారు. మనలో అనేకులు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చిన కుటుంబాలవారము. తుపాను మనకు కొత్త కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలాది ప్రాణాలను బలిగొన్న ఉప్పెనను తెలుగువాడు మరువజాలడు. అయితే ఆ తీరం నేర్పిన పాఠాన్ని ఉన్నదున్నట్లు ఇక్కడ అన్వయించుకుంటే పొరబడతాము. మూడు భేదాలు గమనించండి.

మొదటిది వ్యవధి. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్‌ను తలచుకోండి. 7వ తేదీన అది అండమాన్ సముద్రంలో వాయుగుండం. 8వ తేదీ ఉదయానికి తుపానుగా మారి, ఆ ఉదయమే లాంగ్ ఐలండ్ సమీపంలో మన ద్వీపాలను దాటిపోయినది. విశాఖపట్నాన్ని తాకినది 12వ తేదీన. అనగా విశాఖవాసికి నాలుగు రోజుల వ్యవధి దొరకగా, లాంగ్ ఐలండ్ వాసికి దొరికినది ఒక్క రాత్రి. 2013లో పైలిన్, లెహర్ తుపానులు కూడా మనలను దాటిన పిమ్మటనే మరింత బలపడినవి. బంగాళాఖాతపు తుపానులలో అనేకం ఈ పరిసరాలలోనే పుట్టుతున్నవి. మనము తుపాను పుట్టింటి గుమ్మంలోనే కాపురం ఉన్నాము. ఇక్కడ దాని బలం తరచుగా తక్కువే కావచ్చును, కాని అది మనకిచ్చే గడువు ఇంకా తక్కువ.

రెండవది నేల తీరు. లోతు తక్కువైన కోస్తాలో సముద్రం గోడవలె లేచి ఊళ్లపై పడుతుంది. మన ద్వీపాల చుట్టూ లోతు ఎక్కువ గనుక అంతటి ఉప్పెన లేవడం అరుదు. ఇక్కడ ప్రమాదం ఎక్కువగా తలపై నుండి వస్తుంది: ఎగిరే రేకు, కూలే చెట్టు, వానకు జారే కొండమట్టి. అయితే 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో నేల కుంగి, సముద్రపు నీరు చొచ్చిన సిప్పీఘాట్ వంటి పల్లపు ప్రాంతాలవారు నీటి భయాన్ని కూడా మరువరాదు.

మూడవది దూరం. చెన్నై గాని, విశాఖ గాని మనకు 1200 కిలోమీటర్లకు పైమాటే. సముద్రం పొంగినప్పుడు ఓడ కదలదు, విమానం దిగదు. 2016 డిసెంబరులో, నేడు స్వరాజ్ ద్వీప్ అని పిలువబడుతున్న హేవ్‌లాక్‌లో వేయికి పైగా పర్యాటకులు చిక్కుకొనగా నౌకాదళపు ఓడలు వారిని తరలించవలసి వచ్చినది. సహాయం తప్పక వస్తుంది, కాని వెంటనే రాకపోవచ్చును. మొదటి మూడు రోజులు మన ఇంటికి మనమే దిక్కు.

ఇక చేయవలసిన పనులు. మే నెల రాకముందు ఒకసారి, అక్టోబరుకు ముందు మరొకసారి పైకప్పును పరీక్షించండి. గాలి మొదట లేపేది అంచు రేకులను, మూల రేకులను. అక్కడ తుప్పుపట్టిన బోల్టులు మార్చి, అదనపు బోల్టులు బిగించండి. రేకులపై విడి రాళ్లు పెట్టే అలవాటు మానండి. గాలి ముదిరితే ఆ రాయే పొరుగువాని తల పగులగొడుతుంది. ఇంటిపై వాలిన ఎండు కొమ్మలను, ముదిరిన కొబ్బరి గెలలను ముందే దించండి.

మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజుల మంచినీరు మూతపెట్టి ఉంచండి. కరెంటు పోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే కుళాయి ఎండుతుంది. అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, పసిబిడ్డకు పాలపొడి, పెద్దలకు వారం రోజుల మందులు ఒకచోట ఉండాలి. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, కార్మిక గుర్తింపు కార్డు, ఐలాండర్ కార్డు ప్లాస్టిక్ సంచిలో చుట్టి డబ్బాలో భద్రపరచండి. ఆ డబ్బా ఎక్కడున్నదో ఇంట్లో పిల్లలకు సైతం తెలియాలి. 2020లో చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ వచ్చినప్పటికీ, కరెంటు లేనిదే టవరు పలుకదు. కనుక టార్చిలైటు, బ్యాటరీ రేడియో తప్పనిసరి.

ఇల్లు నిలువదని తోస్తే చీకటి పడకముందే పిల్లలతో, వృద్ధులతో పక్కా భవనానికి చేరండి. బయలుదేరే ముందు మెయిన్ స్విచ్చి, గ్యాసు రెగ్యులేటరు కట్టివేయండి. గాలి హఠాత్తుగా ఆగితే తుపాను పోయినదని భ్రమించకండి. అది తుపాను కన్ను కావచ్చును. కొద్దిసేపటికే ఎదురు దిక్కు నుండి గాలి తిరిగి కొడుతుంది. మత్స్యకార సోదరులు రేవులో హెచ్చరిక ఎగిరిన వెంటనే డింగీలను పైకి లాగి కట్టాలి. వలకోసమో, ఇంజనుకోసమో ఆఖరి ఘడియలో సముద్రంలోకి పోరాదు.

ఇంతవరకు చెప్పినది కుటుంబం పని. ఇక సంఘం పని.

కొన్నేళ్ల క్రితం ఒక నిర్మాణ స్థలంలో తుపాను హెచ్చరిక వెలువడిన తరువాత కూడా పని ఆపలేదు. వెళ్లిపోయినవానికి ఆనాటి కూలి లేదన్నారు. మన సభ్యుడొకడు సాయంత్రం దాకా ఆగిపోయినాడు. ఇంటివద్ద అతని భార్య పసిబిడ్డను చంకనెత్తుకొని ఒంటిచేత్తో రేకులకు తాడు కట్టబోయినది, సాధ్యపడలేదు. ఆ రాత్రి నాలుగు రేకులు లేచిపోయినవి. బియ్యం తడిసినది, కాగితాలు నానిపోయినవి. పూట కూలికోసం ఆగిన మనిషి నెల కూలి పోగొట్టుకున్నాడు.

ఆ కుటుంబానికి ఎవరు జవాబుదారీ? యాజమాన్యం ఒక్కటే కాదు. ఆ యాజమాన్యంతో చర్చలకు కూర్చున్న ప్రతిసారీ నేను కూలి రేటు అడిగినాను గాని, తుపాను నాటి కూలి మాట ఒక్కసారి కూడా అడగలేదు. ఆ లోపం నాది. ముప్పై ఏళ్ల సంఘ జీవితంలో నన్ను ఇప్పటికీ బాధించే లోపం అది.

కనుక ఇకపై ప్రతి కోర్కెల పత్రంలోనూ మూడు అంశాలు ఉండాలని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి: హెచ్చరిక వెలువడిన రోజున కాంట్రాక్టు, దినసరి కార్మికులతో సహా అందరినీ కూలి కోత లేకుండా పెందలకడ ఇంటికి పంపాలి. రెండు: హోటళ్లలో, రేవులలో అత్యవసర విధులకై నిలిచేవారి కుటుంబాలను సురక్షిత స్థలానికి చేర్చే బాధ్యత యాజమాన్యం వహించాలి. మూడు: లేబర్ క్వార్టర్ల పైకప్పులను ప్రతి సీజనుకు ముందు యాజమాన్యమే మరమ్మతు చేయించాలి.

ఈ కోర్కెలు నెరవేరే దాకా చేతులు ముడుచుకొని కూర్చోవద్దు. ప్రతి శాఖ నలుగురేసి యువకులతో ఒక దళం ఏర్పరచాలి. భర్త సముద్రంపై ఉన్న ఇల్లు, వితంతువు ఇల్లు, వృద్ధులు మాత్రమే ఉన్న ఇల్లు ఎక్కడెక్కడున్నవో జాబితా వ్రాసుకొని, ముందుగా ఆ కప్పులకే తాళ్లు కట్టాలి.

గాలిని ఆపే శక్తి ఏ సంఘానికీ లేదు. కాని గాలి వీచేవేళ ఏ చెల్లెలూ ఒంటిచేత్తో రేకు పట్టుకొని నిలువనవసరం లేకుండా చేసే శక్తి మనకున్నది. వచ్చే ఆదివారమే ఆ జాబితా మొదలుపెట్టవలసినదిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!