పర్ర మీద గుల్లలు



ఈ పూట గుల్లల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "గుల్లల గురించి మాకు చెప్పేదేముంది మాస్టారూ?" అని మీరు నవ్వుతారు. నిజమే. మోకాలి లోతు బురదలో తిరిగేది మీరు. ఏ గుల్ల ఎక్కడ దొరుకుతుందో మీకు తెలుసు. మరి అది అక్కడే ఎందుకుంటుంది? ఇక్కడెందుకు ఉండదు?

మన కాకినాడ తీరమే చూడండి. తూర్పు వైపు హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డంగా ఉంది. దాని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. దక్షిణాన కోరింగ మడ అడవి. గోదావరి పాయలు ఒండ్రు తెచ్చి ఇక్కడ పోస్తాయి. దిబ్బ అడ్డం ఉంది కాబట్టి పెద్ద అలలు లోపలికి రావు. నీరు నిలకడగా ఉంటే ఒండ్రు కిందికి దిగుతుంది. అలా తయారైందే ఈ పర్ర. పోటుకు మునుగుతుంది, పాటుకు తేలుతుంది.

దిబ్బకు అవతల, సముద్రం వైపు అంతా ఇసుక. అక్కడ వేలి గోరంత నున్నని గుల్లలు ఉంటాయి. అల వెనక్కి పోయేలోపే ఇసుకలోకి దూరిపోతాయి. ఇవతలి బురదలో వెతికితే అవి దొరకవు.

ఇవతలి మెత్తని బురదలో ఉండేది వేరే గుల్ల. దాని వీపు మీద దుక్కి చాళ్లలా గీతలుంటాయి. విప్పితే ఎర్రగా రక్తం కారుతుంది. మన రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబినే దానిలోనూ ఉంది. బురదలో ప్రాణవాయువు తక్కువ. ఉన్న కొద్దిపాటి వాయువునూ పట్టుకోవటానికి దానికి ఆ ఎర్ర రక్తం కావాలి. నాకు ఇది చాలా వింతగా తోస్తుంది.

అప్పడంలా పల్చగా, వెలుతురు కనపడేలా ఉండే గుల్ల కూడా బురదదే. అయితే అది నీరు ఎక్కువసేపు నిలిచే చోట ఉంటుంది. నున్నగా, దళసరిగా ఉండే గుల్లకు ఇసుక కలిసిన నేల కావాలి. మొగల దగ్గర చూడండి. ఆలిచిప్పకు బురద పనికిరాదు. రాయో, కర్రో, మడ చెట్టు వేరో పట్టుకుని అతుక్కుంటుంది. ఇక మడ అడవిలో చిన్న నత్తలున్నాయి. పోటు వస్తే చెట్టెక్కి కూర్చుంటాయి!

శ్రావణ, భాద్రపదాల్లో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. నీటిలో ఉప్పు తగ్గిపోతుంది. అప్పుడు గుల్ల నోరు మూసుకుంటుంది. కొన్నాళ్లు అలా ఓర్చుకుంటుంది. వరద నీరు మరీ ఎక్కువ రోజులు నిలిచిపోతే చచ్చిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. గుల్ల పిల్లలు మొదట నీళ్లలో తేలుతూ తిరుగుతాయి. కంటికి ఆనవు. కొన్ని వారాల తర్వాత నేలకు దిగుతాయి. తనకు సరిపడే నేల దొరికిన పిల్లే బతుకుతుంది. ఆ పిల్లలు పుట్టాలంటే ఈనే గుల్లలు పర్రలో మిగలాలి. అంగుళం కూడా లేని రక్తపు గుల్లల్లో చాలా వాటికి ఇంకా ఈనే వయసు రాదు. అవన్నీ గుల్లసున్నం బట్టీకి పోతే మళ్లీ పిల్లలెక్కడివి? అందుకని బొటనవేలి కణుపు దాటని గుల్లను అక్కడే వదిలేద్దాం. బుట్ట కొంచెం వెలితిగా ఉంటుంది. ఇంట్లో జరుగుబాటు కష్టమనీ తెలుసు. అయినా అదే గుల్ల పెద్దదయ్యాక తీస్తే మాంసమూ ఎక్కువే, సున్నమూ ఎక్కువే.

ఇంకో మాట. గుల్ల నీటిని పీల్చి, వడగట్టి, అందులోని సన్నని నాచు తింటుంది. నీటిలో మురికి ఉంటే అదీ లోపలికి పోతుంది. మురుగు కాలువ కలిసే చోట తీసిన గుల్లలు కూరకు వద్దు. ఉడికిస్తే అన్ని విషాలూ పోవు.

రేపు పాటుకు వెళ్లి వచ్చాక పుస్తకంలో నాలుగు గళ్లు గీయండి. తేదీ, చోటు, గుల్ల పేరు, ఎన్ని బుట్టలు. పేరు మీరు పిలిచేదే రాయండి. వచ్చే అమావాస్య నాటికి అందరివీ పక్కపక్కన పెట్టి చదువుదాం.