రాత్రివేళ, వానవేళ బండి నడుపుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమున విజ్ఞానదీపమును ఆరనీయక కాపాడుకొని వచ్చిన మీకు నా హృదయపూర్వకాభినందనలు. గ్రంథముల మహిమను గూర్చి చెప్పగల పెద్దలు ఈ వేదికపై పెక్కుమంది కలరు. నాకు అప్పగించిన విషయము వేరు. రాత్రివేళను, వానలోను బండి నడుపుటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమన్నారు. ఇది గ్రంథాలయ సభకు తగినదా యని కొందరికి సందేహము కలుగవచ్చును. కాని 2022వ సంవత్సరమున మన దేశములో రోడ్డు ప్రమాదముల వలన మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో నూటికి నలువదినలుగురు ద్విచక్ర వాహనములపై పోయినవారు. ఇన్ని ప్రాణములను కాపాడగల తెలివి విద్య గాక మరేమి?

నేను చెప్పదలచినది ప్రధానముగా ఒక్కటే మాట. కంటికి కనబడు మేరలో బండిని నిలుపగలిగినంత వేగమే తగిన వేగము. అంతకు మించినచో, కన్నులు తెరచియున్నను కన్నులు మూసికొని పోవుచున్నట్లే.

ఇది వట్టి నీతివాక్యము కాదు, లెక్క చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగును. ఎదుట నేదో నల్లగా తోచినప్పుడు అది గేదెయని మనస్సు గ్రహించి, కాలును చేతిని బ్రేకు మీదికి తెచ్చుటకు సుమారు ఒకటిన్నర సెకను పట్టును. ఆలోపల బండి 25 మీటర్లు గడచిపోవును. బ్రేకు పని అప్పుడు గదా మొదలగుట! పొడిరోడ్డు మీద ఆగుటకు మరి 20 మీటర్లు, తడిరోడ్డు మీద 35 మీటర్లు కావలసి యుండును. వెరసి వానలో 60 మీటర్లు. క్రిందికి దించిన హెడ్‌లైటు వెలుగు ఇంచుమించు 40, 50 మీటర్లకు మించి స్పష్టముగా చూపదు. అనగా గేదె కనబడిన క్షణముననే ఆగుటకు చోటు లేకపోయినది! అదే బండి 40 కిలోమీటర్ల వేగమున పోయినచో తడిరోడ్డు మీద సైతము దాదాపు 35 మీటర్లలో ఆగును. పది కిలోమీటర్ల దారిలో ఈ నిదానము వలన మనకు కలుగు ఆలస్యము ఐదు నిమిషములు మాత్రమే.

తొలకరి జల్లు మరింత ప్రమాదకరము. వేసవియంతయు రోడ్డు మీద పేరుకొనిన దుమ్మును, బండ్లనుండి కారిన నూనెయు తొలి చినుకులతో కలిసి జారుడు పొరగా మారును. గట్టివాన పడి రోడ్డు కడుగుకొని పోవువరకు మిక్కిలి నెమ్మదిగా పోవలెను. టైరుమీది గాళ్లు నీటిని ప్రక్కలకు నెట్టివేయుటకే యున్నవి. అవి అరిగిపోయినచో వేగముగా పోవు టైరు నీటిపొరపై తేలును; అప్పుడు బ్రేకు పనిచేయదు, స్టీరింగు మాట వినదు. మోటారు సైకిలు నడుపువారు రెండు బ్రేకులను కలిపి మెల్లగా నొక్కవలెను. మలుపులో గాక, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. చప్టా మీద నీరు పారుచున్నప్పుడు దాని లోతును కంటితో అంచనా వేయరాదు. మోకాలు లోతు లేని ప్రవాహము సైతము చిన్నకారును ఈడ్చుకొని పోగలదు. నీరు తీయువరకు ఇవతలి గట్టుననే ఆగుట వివేకము.

ఎదుటి బండి వెలుగు కంట బడినప్పుడు చూపు మరల కుదుటబడుటకు కొన్ని సెకనులు పట్టును. ఆ వెలుగును చూడక రోడ్డు ఎడమ అంచును చూచుచు నెమ్మదించవలెను. మన వెలుగును మనమే ముందుగా దించవలెను. అతడు దించలేదను కోపముతో మనమును దించకున్నచో, చూపులేని ఇద్దరు ఎదురెదురుగా పరుగెత్తినట్లగును.

ఇంతవరకు నడుపువారి ధర్మము చెప్పితిని. ఇక రోడ్డు ప్రక్కన నివసించు మన ధర్మము కూడ కలదు. కోతలు కాగానే ధాన్యమును తారురోడ్డు మీద ఆరబోయుదుము. చుట్టును రాళ్లు పేర్చి, రాత్రికి నల్లని టార్పాలిను కప్పుదుము. నల్లని రోడ్డు మీద ఆ నల్లని కుప్ప నలువది మీటర్ల దూరమునుండి ఎవరికి కనబడును? ధాన్యము ఎత్తుకొని పోయిన పిదపను రాళ్లు అక్కడనే యుండును. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కును రోడ్డు వార నిలుపుదుము. నిదానముగా వచ్చు జాగ్రత్తపరునికి సైతము ఇవి మృత్యుపాశములే. కల్లము లేని రైతు ఇబ్బందిని నేనెరుగుదును. అయినను ఒకరి పంట మరియొకరి ఇంటి దీపమును ఆర్పరాదు గదా!

ఎవరైనను పడిపోయినచో 108కి ఫోను చేయుడు, దగ్గర నిలువుడు. సద్బుద్ధితో సాయపడినవానిని చిక్కులలో పెట్టకుండ 2019వ సంవత్సరపు మోటారు వాహనముల సవరణ చట్టము రక్షణ కల్పించినది. కావున భయపడ పనిలేదు.

ఈ రజతోత్సవ శుభవేళ మీకు నా విన్నపము రెండే. ప్రొద్దు గ్రుంకునప్పటికి మన ఊరి రోడ్డు మీద ఒక్క రాయియు మిగులరాదు. మన ఊరి ప్రతి ట్రక్కునకును, ప్రతి ఎడ్లబండికిని వెనుక ఎర్రని రిఫ్లెక్టరు ఉండవలెను. వీనికి ఖర్చు స్వల్పము, ఫలితము ప్రాణము. దీనిని తీర్మానముగా వ్రాసి, ఈ గ్రంథాలయపు గోడమీద, అందరును చదువుచోట అంటింపుడు.