మనసు చికిత్సకు ఒకటే దారి కాదు



జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాం. పన్ను నొప్పెడితే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తాం. మరి మనసు బాగాలేకపోతే? "నలుగురూ ఏమనుకుంటారో" అని నోరు మూసుకుని ఊరుకుంటాం.

కూతురిని అత్తవారింటికి పంపిన ఒక తల్లికి నెలల తరబడి నిద్ర పట్టడం లేదనుకోండి. ఊరికే ఏడుపు, అయినదానికీ కానిదానికీ చిరాకు, "ఇక నాతో ఎవరికి పని?" అన్న బెంగ. ఇటువంటివారితో మాట్లాడి చికిత్స చేసేవారే సైకోథెరపిస్టులు.

ఈ మాటల చికిత్సలో పద్ధతులు ఎన్నో. వియన్నాలో ఫ్రాయిడ్ చిన్ననాటి అనుభవాల్లో మూలం వెదికారు. అమెరికాలో కార్ల్ రోజర్స్ తప్పుపట్టకుండా వినడం ప్రధానమన్నారు. 1960లలో ఆరన్ బెక్ మనల్ని కుంగదీసే ఆలోచనలను పరీక్షించి చూడమన్నారు. ఒక్కదాన్నే పట్టుకోకుండా, మనిషిని బట్టి వీటిని సమన్వయం చేసేవారిని ఇంటిగ్రేటివ్ సైకోథెరపిస్టులంటారు. ఇలాంటి సమన్వయం కోసం 1983లో ఒక సంఘమే ఏర్పడింది.

ఆ తల్లి సంగతే చూడండి. ముందు ఆమెను మనసారా చెప్పనిస్తారు. తరువాత "ఎవరికీ పనికిరాను" అన్నది నిజమేనా అని ఆమె చేతనే లెక్క తీయిస్తారు. ఆ భయం చిన్నతనం నుంచీ ఉన్నదని తేలితే అక్కడికీ వెళ్తారు. అలాగని చేతికందినవన్నీ గిన్నెలో వేస్తే పులుసవుతుందా? ఏది ఎప్పుడు వేయాలో తెలియాలి. అందుకే వారి చదువు, శిక్షణ ముఖ్యం.

కనుక మొహమాటపడకుండా అడగండి. మందులు రాసేది ఎం.బి.బి.ఎస్. పైన మానసిక వైద్యం చదివిన సైకియాట్రిస్టు. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదై ఉండాలి. "శిక్షణ ఎక్కడ పొందారు? నాకు ఈ పద్ధతి ఎందుకు?" అని అడిగితే మంచివారు విసుక్కోరు. నాలుగు రోజుల్లో నయం చేస్తామనేవారిని నమ్మకండి. చెప్పుకున్నది బయటికి పొక్కుతుందన్న భయమా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు.

డబ్బుకు వెనకాడేవారికి హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఇల్లు కదలలేనివారి కోసం 2022లో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ ప్రారంభించింది. 14416 నంబరుకు పగలైనా రాత్రయినా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. చచ్చిపోవాలన్న ఆలోచన గనక వస్తే రేపటిదాకా ఆగవద్దు. ఆ క్షణమే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంటిల్లిపాదికీ వేళకు మందు అందించే చెయ్యి మనది. ఆ చేత్తో మనకోసం ఒక్క ఫోను చేసుకుంటే తప్పేముందమ్మా? సెలవు.