పెరటి మందును వైద్యునికి చెప్పుదము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనలో ఒక సామెత కలదు. చేతికందిన దానిని మనుష్యుడు లెక్కచేయడని దాని భావము. కాని తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన మన ఇండ్లలో పెరటి చెట్టు నేటికిని మందుకు పనికివచ్చుచునే యున్నది. దగ్గునకు అడ్డసరపు కషాయము, కామెరలకు నేల ఉసిరి, చక్కెర జబ్బునకు పొడపత్రి, జ్ఞాపకశక్తికి సరస్వతి ఆకు - ఇవి మన అవ్వల నోట నిలిచిన వైద్యము. దీనిని నిందించుటకు మేము రాలేదు. కేవలము పొగడుటకును రాలేదు. ఈ వైద్యమును, ఆసుపత్రి వైద్యమును ఒకే శరీరమున చేరునప్పుడు మనమెట్లు మెలగవలెనన్నదే నేటి విషయము. ఇట్టి కలయికను ఇప్పుడు సమీకృత వైద్యమనుచున్నారు.

ఈ కలయిక మనకు క్రొత్త కాదు. ఆచంట లక్ష్మీపతిగారు పాశ్చాత్య వైద్యమున పట్టము పొంది, పిదప ఆయుర్వేదమును అభ్యసించి, మదరాసు ఆయుర్వేద కళాశాలకు ప్రధానాచార్యులైరి. యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు వెళ్లుటకు పూర్వము ఆ పట్టణముననే ఆయుర్వేద విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రము బోధించిరి. ఫోలిక్ ఆమ్లము తయారీకిని, క్యాన్సరు మందులకును దారి చూపిన పరిశోధనలకు తరువాత నాయకత్వము వహించినది వారే. రెండు విద్యలును ఒకే కప్పు క్రింద కూర్చుండవచ్చునని మన పెద్దలు ఏనాడో చూపిరి.

మూలికలకు శక్తి కలదనుటకు అడ్డసరమే సాక్షి. దాని ఆకులోని వాసిసిన్ అను పదార్థము ననుసరించియే, కఫమును పలుచబరచు బ్రోమ్‌హెక్సిన్ అను మందును రసాయన శాస్త్రజ్ఞులు రూపొందించిరి. అయితే మేలు చేయగల వస్తువు కీడును చేయగలదు. గొంతు నొప్పికి మనము నమలు అతిమధురము కొలది దినములకు హాని చేయకపోవచ్చును. అధికముగా, దీర్ఘకాలము తిన్నచో రక్తపుపోటును పెంచును, శరీరమున పొటాషియమును తగ్గించును. కనుక "ఆకే గదా, ఏమి చేయును?" అను మాట సరికాదు.

మేమెరిగిన ఒక పెద్దమ్మగారి సంగతి మనవి చేసెదము. ఆమె చక్కెర జబ్బునకు మాత్రలు వాడుచు, దానితోపాటు ప్రతి ఉదయము పొడపత్రి చూర్ణము పుచ్చుకొనుచుండెడిది. ఒకనాటి తెల్లవారుజామున చెమటలు పట్టి, వణకుచు, నడవలో కూలిపోయినది. ఆసుపత్రిలో ఏమేమి మందులు వాడుచున్నారని వైద్యులు తమిళమున అడిగినప్పుడు మాత్రల సంగతి మాత్రమే చెప్పినది. అసలు సంగతి మూడవనాడు బయటపడినది. మాత్రలును చూర్ణమును కలిసి చక్కెరను మితిమీరి దించియుండవచ్చునని వైద్యులు చెప్పిరి. ఏల దాచితిరని మేమడుగగా, "దాచలేదు నాయనా! అది ఇంటి ఆకు, మందనుకోలేదు. చెప్పుదమన్నను దాని పేరు అరవములో నాకు రాదే!" అని ఆమె బదులు చెప్పినది. ప్రక్కనున్న మనుమనికి తమిళమును ఇంగ్లీషును వచ్చును. పొడపత్రి యన నేమో తెలియదు. అవ్వకును మనుమనికిని నడుమ ఒక చెట్టు పేరు జారిపోయినది. ఆ లోటు ప్రాణము మీదికి తెచ్చినది.

పొడపత్రిని తమిళులు శిరుకురింజాన్ అందురు. నేల ఉసిరి వారికి కీళానెల్లి, అడ్డసరము ఆడాతోడై, తిప్పతీగ శీందిల్, సరస్వతి ఆకు వల్లారై. నేలవేము నిలవేంబు అగుట చెవికే తెలియుచున్నది. ఒకే పేరు రెండు మొక్కలకు చెల్లుటయు కలదు. బ్రాహ్మి యనిన కొందరు సరస్వతి ఆకును, కొందరు నీటిపట్టున ప్రాకు వేరొక మొక్కను ఇత్తురు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన కొందరికి కాలేయము దెబ్బతిన్నదని ప్రకటించిరి. దానిని పోలిన వేరొక తీగను పొరబడి వాడియుందురని ఆయుష్ మంత్రిత్వశాఖ వాదించినది. ఆ వాదము నటుంచి, తీగను సరిగా గుర్తించుట ఎంత ముఖ్యమో దీనివలన గ్రహింపవచ్చును.

ఇక మనస్సును శరీరమును కలిపి సాధన చేయు యోగము, ప్రాణాయామము. శ్వాసను మెల్లగా విడుచునప్పుడు గుండె వేగము కొంత తగ్గును; ఉద్వేగము శమించును. దీర్ఘకాలపు నడుము నొప్పికి మందులకన్న ముందు ప్రయత్నింపదగిన వానిలో యోగము నొకటిగా అమెరికా వైద్యుల కళాశాల 2017లో చేర్చినది. అంతమాత్రమున ప్రాణాయామము చేయువారు రక్తపుపోటు మాత్రను తమంతట తామే మానరాదు. అధిక రక్తపుపోటు గలవారును, కంటిలో నీటికాసుల వ్యాధి గలవారును శీర్షాసనము వేయరాదు.

కనుక మా విన్నపములు మూడు. ప్రతి ఇంటను ఒక చిన్న పుస్తకము ఉంచుడు. వాడు మూలిక పేరు తెలుగునను తమిళమునను, వాడు భాగము, మోతాదు అందు వ్రాయుడు. వైద్యునికడ కేగినప్పుడు, ముఖ్యముగా శస్త్రచికిత్సకు ముందు, దానిని చూపుడు. రెండవది, కామెరలు కనబడినచో నేల ఉసిరితో సరిపెట్టక రక్తపరీక్ష చేయించుడు. కామెరలకు కారణములు పలు. గుండెనొప్పి, పక్షవాతము, పాముకాటు కలిగినచో కషాయము కాచుచు కాలము పోగొట్టక వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. మూడవది, సెలవు దినములలో పిల్లలను అవ్వలతో పెరటిలోనికి పంపుడు. ఆకు త్రుంచి, వాసన చూచి, రెండు భాషలలోను దాని పేరు వారు పలుకవలెను.

పెరటి చెట్టు మందుకు పనికిరావలెనన్నచో ముందుగా దాని పేరు మన ఇంట బ్రతికియుండవలెను. ఆ పేరు వైద్యుని చెవిని పడవలెను. ఇంతటితో సెలవు తీసికొనుచున్నాము.