సముద్రపు వేటచట్టములును మన నంద్యాల, ఆళ్లగడ్డ జలములును
(మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



సముద్రమున చేపలవేటను ప్రభుత్వము ఏవిధముగ కట్టడి చేయుచున్నదో చెప్పుమని ఆహ్వానసంఘము వారు మమ్ము కోరిరి. నంద్యాలకు కడలి యెక్కడ, ఆళ్లగడ్డకు అలలెక్కడ అని మీలో కొందరు లోలోపల నవ్వుకొనుచుండవచ్చును. మనకు తెలిసిన నీరు కుందేటి నీరు, వక్కిలేటి నీరు, కె.సి. కాలువ నీరు, వెలుగోడు, అవుకు జలాశయముల నీరు, శ్రీశైలపు వెనుకజలము. మన బెస్తవారిలో సముద్రమును కన్నులార చూడనివారు పెక్కుమంది కలరు. అయినను ఈ విషయము మనకు సంబంధించినదే యని మా నిశ్చయము. వేటకు పోవలదని ప్రభుత్వము చెప్పునపుడు, పోనివాని పొయ్యిలో పిల్లి లేవదాయని అడుగువారుండవలెను. సముద్రతీరపు సోదరులు అడిగి కొంత సాధించిరి. మనము ఇంకను గట్టిగా అడుగలేదు. చెప్పవలసినది ఇంతే, తక్కినది వివరణ.

మొదట చట్టముల పుట్టుక. 1897వ సంవత్సరపు భారత మత్స్యపరిశ్రమ చట్టము చాల చిన్నది. నీటిలో తూటాలు పేల్చి చేపలను చంపరాదు, నీటిలో విషము కలుపరాదు అనునవి దాని ప్రధాన నిషేధములు. నదులకు వర్తించిన ఈ నిషేధములే ఒడ్డునుండి సుమారు మూడు మైళ్లవరకు సముద్రమునకును వర్తించినవి. ఎంచిన కొన్ని జలములలో వల కన్ను ఎంతయుండవలెనో, ఏ కాలమున వేట నిలుపవలెనో నిర్ణయించు అధికారమును ఆ చట్టము ప్రాంతీయ ప్రభుత్వముల కొసగినది. 1905లో మద్రాసు ప్రభుత్వము సర్ ఫ్రెడరిక్ నికల్సను అను విశ్రాంత సివిలు ఉద్యోగికి మత్స్యపరిశ్రమ పరిశీలనము నప్పగించెను. 1907లో అది ఒక ప్రత్యేక శాఖ ఆయెను. సహకార పరపతిని గూర్చి ఈ దేశమున మొదటి పెద్ద నివేదికను వ్రాసినవాడును ఈ నికల్సనే. ఆ శాఖవారు ఆ తొలి దశకములలోనే మన కర్నూలుసీమయందు, సుంకేసులలో, చేపలపెంపక కేంద్రమును నడపిరి. కావున మత్స్యశాఖ మన సీమకు కొత్తచుట్టము గాదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట వేట తీరు మారినది. 1953లో నార్వేదేశపు సాయముతో నేటి కేరళతీరమున ఒక పథక మారంభమై మరపడవలను, క్రమముగా అడుగునేలను ఊడ్చు ట్రాలువలలను తెచ్చినది. విదేశములలో రొయ్యకు ధర పెరిగినకొలది మరపడవలును పెరిగినవి. వానిని కొనుటకు అప్పులును, రాయితీలును ఇచ్చినది ప్రభుత్వమే. ఒకచేత మరపడవకు డబ్బిచ్చి, పిమ్మట రెండవచేత దాని కళ్లెము పట్టవలసివచ్చుట విచిత్రముగ తోచును గాని జరిగినది అదియే. ఒడ్డున తెప్పలపై వేటాడువారి వలలను మరపడవలు తెంపుకొనిపోవుట, కలహములు, కొట్లాటలు 1970 ప్రాంతమున తీరమంతట సామాన్యమయ్యెను.

ఇచట అధికారవిభజన కొంచెము చెప్పవలెను. మన రాజ్యాంగమున మత్స్యపరిశ్రమ రాష్ట్రముల పట్టికలోనిది. ప్రాదేశిక జలములకు ఆవలి వేట కేంద్రపు పట్టికలోనిది. 1976 నాటి చట్టముచేత ప్రాదేశికజలము 12 నాటికల్ మైళ్లనియు, దేశమునకు ప్రత్యేక ఆర్థికహక్కు గల మండలము 200 నాటికల్ మైళ్లనియు నిర్ణయమైనది. 1979లో కేంద్రము ఒక మాదిరి చట్టమును వ్రాసి తీరరాష్ట్రములకు పంపెను. కేరళ 1980లోను, ఒరిస్సా 1982లోను, తమిళనాడు 1983లోను తమ చట్టములు చేసికొనినవి. మన ఆంధ్రప్రదేశ్ సముద్రవేట నియంత్రణ చట్టము వచ్చినది 1994లో. కేరళకంటె పదునాలుగేండ్లు వెనుక! అంత పొడవైన తీరము గల రాష్ట్రమునకు ఈ జాప్యము శోభ గాదు. ఇంతలో కేరళలో పెద్దవలల యజమానులు తమ వృత్తిస్వేచ్ఛకు భంగము కలిగెనని న్యాయస్థానముల కెక్కగా, 1993లో సుప్రీంకోర్టు ప్రభుత్వపు నిషేధమునే నిలబెట్టినది. చిన్నవాని బ్రతుకు కొరకు పెద్దవాని వలకు హద్దు పెట్టవచ్చునను సూత్రము ఆనాటితో స్థిరపడినది.

మన రాష్ట్రపు చట్టముననుసరించి ప్రతి మరపడవయు నమోదు కావలెను, లైసెన్సు పొందవలెను. ఒడ్డునుండి 8 కిలోమీటర్లవరకు గల నీరు సంప్రదాయపు పడవలది. మరపడవ ఆవలకు పోయి వేటాడవలెను. తప్పినచో పడవను పట్టవచ్చును, జరిమానా వేయవచ్చును. అన్నిటికన్న అందరికి తెలిసినది వేట నిషేధకాలము. తూర్పుతీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవలు రేవు కదలరాదు. 2015కు పూర్వమిది నెలన్నర ప్రాంతముండెడిది. అన్ని సముద్రపుచేపలును ఆ రెండుమాసములలోనే గ్రుడ్లు పెట్టవనియు, ఉష్ణదేశపు సముద్రమున ఏడాది పొడవున ఏదో యొక జాతి గ్రుడ్లు పెట్టుచునే యుండుననియు శాస్త్రజ్ఞులే చెప్పుదురు. అయినను వల రెండునెలలు విశ్రమించుటచే పిల్లచేపకు బ్రతుకుట కవకాశము చిక్కును. ఈ మాట మనస్సున నుంచుకొనుడు; ముందు దీనితో మనకు పనియున్నది.

రెండునెలలు ఇంట కూర్చున్నవాడు ఏమి తినును? తీరసంఘములు ఈ ప్రశ్నను విడువలేదు. నిషేధకాలపు భృతి కుటుంబమునకు 4,000 రూపాయలుగ నుండగా, 2019లో 10,000 ఆయెను. 2025లో 20,000 ఆయెను. ఎవరు అధికారమున నున్నను ఈ మొత్తము పెరుగుచు వచ్చినదే గాని తరుగలేదు. ఏలయన, వేట మానుట త్యాగమనియు, త్యాగమునకు ప్రతిఫలము ధర్మమనియు ఉభయపక్షములు నొప్పుకొనినవి.

సముద్రమున అంతయు సవ్యముగ నున్నదని మేము చెప్పము. కాగితముపై నున్న 8 కిలోమీటర్లను నీటిపై కొలుచువా రెందరు? 2022 జనవరిలో విశాఖతీరమున రింగువలల విషయమై మత్స్యకారుల రెండువర్గములు సముద్రముపై తలపడి పడవలు తగులబడినవి. ఇరుపక్షములును గంగమ్మ బిడ్డలే. నియమము లేక కాదు, నియమమును ఎవరు ఎట్లు అమలుపరుపవలెనో తేలక ఈ దుఃస్థితి కలిగినది. ఆ మంట మన జలాశయములకు పాకకూడదని మా కోరిక.

ఇక మన ఊళ్లకు వత్తము. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ప్రత్యేక జిల్లా ఆయెను. శ్రీశైలము, వెలుగోడు, అవుకు, గోరకల్లు జలాశయము లీ జిల్లాలోనివి. తీరము లేకున్నను నీటికి లోటులేని జిల్లా ఇది. శ్రీశైలపు ఆనకట్ట నిండిననాడు కృష్ణాతీరపు గ్రామములు అనేకములు మునిగినవి. పొలము పోయినవారు కొందరు వలపట్టి బ్రతికిరి. మన నీటిలో పండు చేప బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వాలుగ, కొరమేను. వీనిలో మొదటి మూడును తొలివానల వరదనీరు తగిలినపుడే ఎదురెక్కి గ్రుడ్లు పెట్టును. ఇది నదిలో వేటాడిన మన పెద్దలందరు ఎరిగినదే, ఏ గ్రంథమును చూడనక్కరలేదు. అందుచేతనే జూలై, ఆగస్టు మాసములలో వేట నిలుపుమని మత్స్యశాఖ చెప్పుచున్నది. సముద్రపు నిషేధమునకు గల కారణము సందిగ్ధమైనను, మన జలముల నిషేధమునకు గల కారణము నిస్సందేహము. అచట కారణము బలహీనమైనను భృతి గట్టిది. ఇచట కారణము గట్టిది, భృతియో? సముద్రపు భృతి సముద్రమున వేటాడువారికే. 2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనలో, వేట లేని మూడుమాసములకు మత్స్యకారుడు 1,500 దాచుకొనినచో ప్రభుత్వములు 3,000 కలిపి మొత్తము 4,500 ఇచ్చు పద్ధతి లోతట్టు వారికిని వర్తించునట్లు వ్రాయబడినది. ఇరువదివేలెక్కడ, ఈ నాలుగువేల అయిదువందలెక్కడ! అందును మూడవవంతు మన సొమ్మే.

ఆకలిగొన్నవాడు రాత్రివేళ వల వేసిన తప్పెవరిది? మేము తప్పు కాదనము. గ్రుడ్డుకడుపుతో నున్న బొచ్చెను పట్టి నంద్యాల అంగడిలో అమ్మినవాడు మరుసటియేటి తన వలను తానే చింపుకొనినట్లు. కాని వానిని శిక్షించుటకు ముందు వాని గిన్నెలోనికి చూడుమని ప్రభుత్వమునకు మనవి చేయుట న్యాయము.

ఇంతకంటె కటువైన విషయ మొకటి చెప్పక తప్పదు. శ్రీశైలపు వెనుకజలమున అలివివలల గొడవ మీరెరిగినదే. సముద్రతీరమున అలివివల పురాతనమైనది, న్యాయమైనది. కవళ్లు, నెత్తళ్లు గుంపులుగ ఒడ్డుకు వచ్చునపుడు పదిమందియు కూడి దానిని లాగుదురు. నెత్తలి పెరిగినను వ్రేలెడే గదా. ఆ వలనే దోమతెరవంటి కన్నుతో జలాశయమున లాగినచో, ఏడాది గడచిన కిలో తూగగల బొచ్చెపిల్ల వ్రేలెడున్నపుడే ఎండుచేపల గోతములోనికి పోవును. ప్రభుత్వము విడిచిన పిల్లలును, వరద తెచ్చిన పిల్లలును ఒక్కటిగ ఊడ్చుకొనిపోవును. ఈ వలలు పట్టుకొని వచ్చినవారిలో తీరజిల్లాల సోదరులు కలరు. వారిని తరిమివేయవలెనని మన యువకులు కొందరు ఆవేశపడుచున్నారు.

మేము దానికి సమ్మతింపము. తమ సముద్రమున మరపడవలతో పోటీపడలేకనే గదా వారిలో పెక్కురు ఇల్లువాకిలి విడిచి, మన ఒడ్డున గుడిసె వేసికొని, పిల్లలను బడికి దూరముచేసి బ్రతుకుచున్నారు! అచట పెద్దవల చిన్నవానిని నెట్టివేసినది. ఇచట ఆ చిన్నవాని చిన్నకన్ను వల మనలను నెట్టుచున్నది. పైగా వారికి పెట్టుబడి పెట్టి, ఎండుచేపను కొని, లాభము మూటగట్టుకొను వర్తకుడు ఒడ్డుననే నుండును. వాని వల నెవరును పట్టుకొనరు. మనుష్యులను కాక వలను నిషేధింపవలెను. మన ఒడ్డున చిరకాలముగ నివసించు వలసవారికి లైసెన్సునిచ్చి, మన సొసైటీలయొక్క నియమమునకు లోబరచి, అలివివలకు మారుగ పెద్దకన్ను వలలు సమకూర్చినచో కలహము చల్లారును. ఈ మాట సభలో అందరికి రుచింపదని మే మెరుగుదుము.

2014 జూన్ 2 తరువాత వెనుకజలపు ఆవలియొడ్డు తెలంగాణము. నీ రొకటి, ప్రభుత్వములు రెండు, లైసెన్సులు రెండు. అచటివారు 2016లో చేపపిల్లలను ఉచితముగ విడుచు పథక మారంభించిరి. ఆ పిల్లలు ఈ యొడ్డునకును వచ్చును, మనవి ఆ యొడ్డునకును పోవును. ఒకయొడ్డున వల నిలిచి, రెండవయొడ్డున ఆడినచో ఆ నిషేధము నవ్వులపాలు. తూర్పుతీరమున రాష్ట్రములన్నియు ఒకే దినమున వేట నిలుపుటకు నేర్చినవి. రెండు ఒడ్లు నేర్వలేవా?

సొసైటీల మాట. 2021లో వెలువడిన 217వ నంబరు ఉత్తర్వుచేత నెల్లూరు జిల్లాలో చెరువులను బహిరంగపు వేలమునకు పెట్టగా, రాష్ట్రమంతటను మత్స్యకారులు కలత చెందిరి. ఆ ఉత్తర్వు పిమ్మట రద్దయినది. రద్దయినదని నిద్రింపరాదు. లెక్కలు సరిగ లేని సొసైటీని చూపి, వేలమే మేలనువారు ఎప్పుడును ఉందురు. 2025 నవంబరులో కేంద్రము దూరసముద్రపు వేటకై వెలువరించిన నియమములలో సహకారసంఘములకు ప్రాధాన్య మిచ్చినది. సంఘము బలముగా నున్నచోటనే ఈ ప్రాధాన్యము అక్కరకు వచ్చును. మన సొసైటీలలో కొన్నిట చనిపోయినవారి పేర్లు ఇంకను సభ్యుల పట్టికలో నున్నవి. నీటిలో దిగి వేటాడు యువకుని పేరు లేదు. చేపలగంప నెత్తిన పెట్టుకొని ఊరూర తిరుగు మన ఆడువారి పేర్లు అసలే లేవు. రేపు భృతి మంజూరైనచో ఈ పట్టికను బట్టియే పంచుదురు.

కావున విషయనిర్ణయసభకు మే మొక తీర్మానము నొసగితిమి. జూలై, ఆగస్టు మాసములలో వేట మానిన లైసెన్సుదారుల కుటుంబములకు సముద్రపు భృతితో సమానమైన భృతి నొసగుమని ప్రభుత్వమును కోరుట అందు మొదటిమాట. దానికి బదులుగ నిషేధకాలమున ఏ సభ్యుడును వల వేయకుండ సొసైటీలే కాపలా కాయుననుట రెండవది. ఈ రెండింటిని విడదీసి ఆమోదింపవలదని మా ప్రార్థన. మొదటిది మాత్రమే అడిగినచో ఏ అధికారియు మన మాట వినడు. వలకన్ను తనిఖీకి మత్స్యశాఖవారితోపాటు ఇరుయొడ్ల సంఘముల ప్రతినిధులుండవలెననియు అందు వ్రాసితిమి.

తీర్మానపు ప్రతులు ద్వారమువద్ద బల్లపై నున్నవి. ఆళ్లగడ్డ, నంద్యాల, వెలుగోడు, అవుకు సొసైటీల అధ్యక్షులు మధ్యాహ్నపు సభకు ముందుగ వానిని చదివి, తమతమ సభ్యుల పట్టికలను సరిచేయించుటకు ఎంత గడువు కావలయునో మాకు వ్రాసి యిత్తురుగాక.