కెమెరాకి గేటు పాసు

సైటులో కెమెరాలు, ఊళ్లో అమ్మానాన్నల్ని చూసుకోడానికి ఇంకో కెమెరా. అన్నీ నెట్‌కి కలిపినవే కదా.

2016 అక్టోబర్ 21న ఇక్కడ అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లో, డీవీఆర్లలో మిరాయ్ అనే మాల్‌వేర్ దూరి, వాటన్నిటినీ డైన్ అనే కంపెనీ సర్వర్ల మీదకి ఎగదోసింది.

వేల పరికరాలకి విడివిడిగా రూల్స్ రాయడం మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇప్పుడు మనం ఏం కావాలో చెప్తే, ఎలా చేయాలో నెట్‌వర్కే చూసుకునే పద్ధతి వస్తోంది. "కెమెరా రికార్డర్‌తో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు" అంటే చాలు. రూల్స్ అదే పెట్టుకుని, తేడా వస్తే ఆపేస్తుంది. 2019లో వచ్చిన 'మడ్' ప్రమాణంతో, ఏ పరికరానికి ఎవరితో పనుందో తయారీ కంపెనీయే నెట్‌వర్క్‌కి రాసిస్తుంది. మన గేటు పాసు లాంటిదే. కానీ ఎవర్ని ఎక్కడిదాకా రానివ్వాలో వాచ్‌మన్ నిర్ణయించడు, మనమే చెప్పాలి.

ఇంటి రౌటర్‌కి మామూలుగా ఇంత తెలివి ఉండదు. కాబట్టి ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు కెమెరా పాస్‌వర్డ్ మార్పించండి. రౌటర్‌లో గెస్ట్ వైఫై ఉంటే కెమెరాని దాంట్లోకి మార్పించండి. నాన్న బ్యాంకు ఫోను, కెమెరా ఒకే వైఫైలో ఉండొద్దు.