తెరచిన కిటికీ



దైవచింతనకు తీరిక లేదని ఉద్యోగులమైన మనము తరచుగా అనుకొందుము. ఈ సందర్భమున బైబిలులోని దానియేలు చరిత్ర స్మరింపదగినది. ఆయనయు ప్రభుత్వోద్యోగియే, స్వదేశమునకు దూరముగా బబులోనులో జీవించినవాడు. దర్యావేషు రాజు 120 మంది అధిపతులపై నియమించిన ముగ్గురు ప్రధానులలో ఒకడు. అంతటి కార్యభారములోను ఆయన యెరూషలేము వైపు కిటికీలు తెరచి, దినమునకు 3 పర్యాయములు మోకరించి ప్రార్థించెడివాడు.

అసూయాపరులు ఆయన ఉద్యోగ నిర్వహణలో లోపము వెదకి కనుగొనజాలకపోయిరి. ప్రార్థనకు అదియే తొలి సాక్ష్యము. పిమ్మట వారు, 30 దినముల వరకు రాజునకు దప్ప మరెవ్వరికిని విన్నపము చేయరాదని శాసనము చేయించిరి. సింహముల గుహ ఎదురుగా నున్నను దానియేలు కిటికీ మూయలేదు, యథాపూర్వముగా ప్రార్థించెను. సామాన్య దినముల అభ్యాసమే ఆపత్కాలమున ఆయనను నిలిపినది.

క్రీస్తుప్రభువు తనను ద్రాక్షావల్లితోను, శిష్యులను తీగెలతోను పోల్చెను. తీగె పండుగనాడు మాత్రమే వల్లిని అంటియుండదు గదా! ఉదయము కార్యాలయమునకు బయలుదేరు ముందు, మధ్యాహ్న విరామమున, రాత్రి కుటుంబముతో, ఈ మూడు వేళలు మనకును గలవు. సాయంత్రమునకు మన బల్లపై మిగిలిన కాగితములు, మన యెదుట నిలిచిన అర్జీదారుని ముఖము, మన ప్రార్థన ఎట్టిదో చెప్పును.